స్ప్రెడ్‌షీట్ పాఠాలు – 5: వరుసల్లోని డేటాను కాలమ్‌లకు ఎక్కించడం

పోయిన పాఠంలో మార్కెట్ యార్డు ధరలను లాట్‌కు (ఒకేసారి అమ్ముడైన సరుకుకు) ఒక వరుస చొప్పున రాసుకున్నాం. తేదీ, యార్డు, సరుకు, క్వింటాళ్లు, ధర అని ఐదు కాలమ్‌లు. రాసుకోవడానికి ఇదే మంచి పద్ధతి. చదవాలంటే మాత్రం చిరాకు. ఒకే రోజు వేరుశనగ కర్నూలులో ఎంత పలికింది, ఆదోనిలో ఎంత, ఎమ్మిగనూరులో ఎంత అని పక్కపక్కన చూడాలంటే యార్డుల పేర్లు పైన తలకట్టులు కావాలి. దానికే పివట్, అంటే వరుసల్లోని పేర్లను తలకట్టులుగా పెట్టి కొత్త పట్టిక తయారుచేసే సాధనం.

పేస్ట్ స్పెషల్‌లో ఉండే ట్రాన్స్‌పోజ్ ఇది కాదు. అది పట్టికను ఉన్నదున్నట్టు తిప్పేస్తుంది, 300 వరుసలుంటే 300 కాలమ్‌లవుతాయి.

ఎక్సెల్‌లో డేటా మధ్య ఒక గడి మీద క్లిక్ చేసి, ఇన్సర్ట్‌లో పివట్‌టేబుల్ ఎంచుకోండి. కుడివైపు వచ్చే జాబితా నుంచి తేదీని రోస్‌లోకి, యార్డును కాలమ్స్‌లోకి, ధరను వేల్యూస్‌లోకి, సరుకును ఫిల్టర్స్‌లోకి లాగండి. ఫిల్టర్‌లో వేరుశనగ ఒక్కటే ఉంచండి. తేదీలన్నీ నెలల కింద ముడుచుకుపోతే రైట్ క్లిక్ చేసి అన్‌గ్రూప్ నొక్కండి. గూగుల్ షీట్స్‌లోనూ దాదాపు ఇదే దారి.

పట్టిక వచ్చేసింది కదా అని అక్కడితో ఆగకండి, అందులోని అంకెలు తప్పు. ఒకరోజు ఆదోనిలో రెండు లాట్లు అమ్ముడయ్యాయనుకుందాం: 10 క్వింటాళ్లు 5,000 చొప్పున, 40 క్వింటాళ్లు 6,000 చొప్పున. గడిలో 11,000 కనిపిస్తుంది. ఒకే గడికి రెండు విలువలొస్తే ఎక్సెల్ అడక్కుండానే కూడేస్తుంది. క్వింటాళ్లను కూడితే అర్థముంది, ధరలను కూడితే ఏముంది? వేల్యూ ఫీల్డ్ సెట్టింగ్స్‌లో సమ్ తీసి యావరేజ్ పెడితే 5,500 వస్తుంది. చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. కానీ సరుకులో ఎక్కువ భాగం 6,000కి పోయింది. మొత్తం 2,90,000 రూపాయలను 50 క్వింటాళ్లతో భాగిస్తే అసలు సగటు 5,800.

అది రావాలంటే మూల షీట్‌లో ‘విలువ’ అని ఆరో కాలమ్ పెట్టి క్వింటాళ్లను ధరతో గుణించండి. ఆ కాలమ్‌ను కూడా కలుపుకుని పివట్ మళ్లీ చేయండి. తర్వాత కాలిక్యులేటెడ్ ఫీల్డ్‌లో (పివట్‌లోనే మనం సూత్రం రాసి పెట్టుకునే ఫీల్డ్) విలువను క్వింటాళ్లతో భాగించమని రాసి, ధర స్థానంలో దాన్ని పెట్టండి. ఈ ఫీల్డ్ ముందు మొత్తాలు కూడి తర్వాతే భాగిస్తుంది కాబట్టి లెక్క సరిగ్గా వస్తుంది.

యార్డుల పేర్లు కూడా ఒకసారి చూసుకోండి. ‘ఆదోని’, ‘అదోని’ అని రెండు రకాలుగా టైప్ చేసి ఉంటే రెండు కాలమ్‌లొస్తాయి. సరుకు పేరూ అంతే. ఒకరు వేరుశనగ అని, ఇంకొకరు బుడ్డలని రాస్తే ఫిల్టర్‌లో సగం సరుకు జారిపోతుంది. దిద్దాల్సింది మూల షీట్‌లో, పివట్‌లో కాదు. దిద్దాక ఎక్సెల్ పట్టిక మారకపోతే రిఫ్రెష్ నొక్కండి.

అభ్యాసం: యార్డును రోస్‌లోకి, సరుకును కాలమ్స్‌లోకి మార్చి, వేల్యూస్‌లో క్వింటాళ్లు పెట్టండి. ఈసారి సమ్ ఉంచాలా, తీసేయాలా? కారణం కూడా పక్కన రాసుకోండి. వచ్చే పాఠం దీనికి తిరగేసినది: పక్కపక్కనున్న కాలమ్‌లను మళ్లీ వరుసల్లోకి దించడం.