డైవింగ్ తర్వాత ఒంట్లో తేడా వస్తే: లక్షణం, కారణం, చేయాల్సింది

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి సముద్రం అడుక్కి దిగేవాళ్లలో పుదుచ్చేరికో అండమాన్‌కో వెళ్లి స్కూబా (వీపున సిలిండర్ కట్టుకుని, ఆ గాలి పీలుస్తూ నీటి కింద ఈదడం) నేర్చుకునే కుర్రాళ్లుంటారు. బోటు ఫ్యాన్‌కు చుట్టుకున్న వల కోయడానికో, పోర్టు పనికో గొట్టంతో గాలి పీలుస్తూ దిగేవాళ్లూ ఉంటారు. అందరికీ ఒకటే నియమం. నీటి కింద సిలిండర్ గాలిగానీ కంప్రెసర్ గాలిగానీ పీల్చాక, ఒక రోజు లోపల ఒంట్లో ఏ తేడా కనిపించినా, డాక్టరు కాదనేదాకా అది డైవింగ్ వల్లే అనుకోవాలి.

దిగుతుంటే చెవిపోటు

10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. చెవికి బాగా తెలిసేది మొదటి కొద్ది మీటర్లలోనే. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, దిగుతూనే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ ఉండాలి. నొప్పి వస్తే కాస్త పైకి రావాలి. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. జలుబుంటే ఆ రోజు దిగొద్దు. చెవి నుంచి రక్తం వచ్చినా తల తిరిగినా నూనె, చుక్కల మందు ఏవీ వేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

పైకొచ్చిన నిమిషాల్లోనే స్పృహ తప్పడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం

భయపడి ఊపిరి బిగబట్టి పైకి వస్తే జరిగేది ఇదే. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. ఛాతీ నొప్పి, గొంతు మారడం, మెడ దగ్గర చర్మం నొక్కితే కరకరలాడటం కూడా ఈ కారణంతోనే రావచ్చు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకుండా ఊపిరి తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

కొన్ని గంటల తర్వాత భుజం, మోకాలి నొప్పులు, తిమ్మిర్లు, విపరీతమైన నీరసం

ఎక్కువగా పొరపాటుపడేది ఇక్కడే. "ఏం కాదులే అన్నా, సిలిండర్లు మోసుంటావు" అని బామ్ రాసి పడుకోబెడతారు. లోతులో ఉన్నంతసేపూ గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతూ ఉంటుంది. వేగంగా పైకి వస్తే, గోలీ సోడా మూత తీసినట్టు, అది బుడగలై పొంగుతుంది. బుడగలు కీళ్లలో ఉంటే నొప్పి. వెన్నుపాములో ఉంటే కాళ్లు పడిపోతాయి, మూత్రం ఆగిపోతుంది.

వెంటనే నాన్ రీబ్రీదర్ మాస్కుతో (కింద సంచి ఉండే ఆక్సిజన్ మాస్కు) నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టాలి. స్పృహలో ఉండి, వాంతులు లేకపోతే కొద్దికొద్దిగా నీళ్లు తాగించాలి. మసాజ్ వద్దు, మద్యం వద్దు. మళ్లీ నీటిలోకి దించి సరిచేస్తామనే మాట అసలే వినొద్దు. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అసలు వైద్యం రీకంప్రెషన్ చాంబర్‌లో, అంటే లోపల గాలి ఒత్తిడి పెంచే మూసిన గదిలో జరుగుతుంది. సాధారణంగా 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడి పెట్టి, దాదాపు 5 గంటలు ఆక్సిజన్ ఇస్తారు. పుండ్లు మాన్పడానికి వాడే చాంబర్లన్నీ డైవర్లను తీసుకోవు. అందుకే ఏ ఆసుపత్రి తీసుకుంటుందో డైవింగ్‌కు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఆక్సిజన్ లెక్క కూడా ముందే చూసుకోండి. బి టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటుంది. నిమిషానికి 15 లీటర్లంటే 100 నిమిషాలు. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు. ఒక్క సిలిండర్‌తో బయల్దేరితే దారిలోనే అయిపోతుంది.

క్యాజువాలిటీలో "ఒళ్లు నొప్పులు" అంటే నొప్పి సూది వేసి పంపించే ప్రమాదముంది. ఇలా చెప్పాలి: "సార్, మా అన్న పొద్దున సముద్రంలో సిలిండర్ గాలి పీలుస్తూ 20 మీటర్లు దిగాడు. 9 గంటలకు పైకొచ్చాడు. 11 నుంచి కాళ్లు తిమ్మిరంటున్నాడు." డైవ్ కంప్యూటర్ (ఎంత లోతు, ఎంతసేపు దిగారో నమోదు చేసే చిన్న పరికరం) ఉంటే అది కూడా వెంట తీసుకెళ్లండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. పుదుచ్చేరిలో డైవింగ్ ముగించుకుని, వచ్చే దారిలో తిరుమల వెళ్దామనుకుంటారు. కొండ 800 మీటర్లకు పైనే ఉంది. ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలవుతుంది. విమానానికి పాటించే గడువే దీనికీ పాటించాలి. ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, చాలా డైవ్‌లు చేసుంటే 18 గంటలు ఆగాలి. స్వామి దర్శనం మర్నాటికి పెట్టుకోండి.

తలనొప్పి, వాంతి, మత్తు

కంప్రెసర్ గాలితో దిగినవాళ్లలో ఇంజిన్ పొగను అనుమానించాలి. పొగ గాలిలో కలిస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతుంది. వెంటనే పైకి తెచ్చి ఆక్సిజన్ పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గాలి లాగే గొట్టం మూతి పొగకు దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి.

నీళ్లలోంచి తీశాక ఊపిరి లేదు

మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా గజ ఈతగాళ్లు ప్రాణాలకు తెగించి బయటికి తెస్తారు. ఒడ్డున చుట్టూ చేరినవాళ్లు పొట్ట నొక్కుతారు, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పుతారు. దయచేసి అది ఆపండి. పొట్టలోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. మునిగినవాడికి ముందు కావాల్సింది గాలి. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి 2 నుంచి 5 సార్లు ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదాలి. నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. నురగ వస్తున్నా తుడుస్తూ కూర్చోవద్దు. తేరుకున్నవాడిని కూడా ఆసుపత్రిలో చూపించాలి. ప్రమాదం సముద్రంలో జరిగితే కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093.

కుట్టిన చోట మంట

జెల్లీ ఫిష్ అయితే సముద్రపు నీళ్లతోనే కడగండి, ఇసుకతో రుద్దొద్దు. టేకు చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, నొప్పి తగ్గేదాకా కాలు పెట్టాలి. ఛాతీలోనో పొట్టలోనో దిగిన ముల్లును పీకొద్దు.

ఎవరు నేర్చుకోవాలి

డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడి (PADI) సంస్థ రెస్క్యూ డైవర్ కోర్సు పూర్తవాలంటే గత 24 నెలల్లో ప్రథమ చికిత్స, సీపీఆర్ (ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం) శిక్షణ తీసుకుని ఉండాలి. ఆక్సిజన్ వాడకానికి డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ కోర్సులున్నాయి. బోటు పనివాళ్లలోనైతే దిగేవాడికంటే ముందు, పైన గొట్టం పట్టుకుని నిలబడే మనిషిని శిక్షణకు పంపాలి. ఆ ఫీజు బోటు యజమానే కట్టాలి.