పనిలో దెబ్బ తగిలింది, పరిహారం ఎందుకు రావట్లేదు? (సమస్య - పరిష్కారం)

మా మేనల్లుడి కుడిచేతి బొటనవేలు పవర్ ప్రెస్సులో మొదలంటా పోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లిన సూపర్‌వైజరు దారిలోనే "బండి మీద నుంచి పడ్డానని చెప్పు, లేదంటే పోలీసు కేసవుతుంది" అన్నాడు. నొప్పిలో ఉన్న పిల్లాడు అలాగే చెప్పాడు. తర్వాత మేం పడ్డ టెన్షనంతా ఆ ఒక్క మాట వల్లే. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా.

సమస్య: కేసు షీటులో "బండి ప్రమాదం", "ఇంట్లో పడ్డాడు" అని ఉంది.
కారణం: మొదటి రోజు చెప్పిందే రాస్తారు, తర్వాత అందరూ దాన్నే చూస్తారు. పోలీసు కేసైతే మీకేం నష్టం లేదు, భయపడొద్దు. ఏ మెషిన్ మీద, ఏ షిఫ్టులో జరిగిందో డాక్టరుకి చెప్పి, రాసింది చదివించుకోండి. ఇప్పటికే తప్పుగా రాసేసి ఉంటే, జరిగింది జరిగినట్టు తేదీ, టైము, చూసినవాళ్ల పేర్లతో యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. యాక్సిడెంట్ బుక్ ఉంటే అందులో రాయించి ఫోటో తీసుకోండి, తోటి పనివాళ్ల చేత కూడా ఓ కాగితం రాయించండి, ఎందుకంటే నెల తిరిగేసరికి వాళ్ల మీద ఒత్తిడి మొదలవుతుంది.

సమస్య: "నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టరుని అడుక్కో."
కంపెనీ పని చేస్తూ దెబ్బ తగిలితే కంపెనీనే అడగొచ్చు, వాళ్లు తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటారు. గేట్ పాసు, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీలు తీసి పెట్టుకోండి.

సమస్య: లేబర్ ఆఫీసుకి వెళ్తే వెనక్కి పంపేశారు.
మీకు ఈఎస్ఐ (కార్మికులకి ప్రభుత్వం నడిపే బీమా) ఉండి ఉంటుంది. జీతం స్లిప్పులో 0.75 శాతం కోత కనిపిస్తే క్లెయిము ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులోనే, రెండు చోట్లా కుదరదు. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా అర్హత ఉంటుంది, పని చేయలేని రోజులకు సగటు జీతంలో 90 శాతం ఇస్తారు.

సమస్య: "40 వేలు తీసుకుని సంతకం పెట్టు."
మావాడి షెడ్డులో పది మంది కూడా లేరు, ఈఎస్ఐ లేదు, కాబట్టి యజమానే ఇవ్వాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పోయి 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం వచ్చినా లెక్క కట్టే పద్ధతి అదే. జీతం 15,000, అందులో 60 శాతం 9,000. 30 ఏళ్ల వయసుకి చట్టంలోని పట్టికలో ఉన్న అంకె 207.98, గుణిస్తే 18,71,820. ఇది ఇక ఏ పనీ చేయలేని స్థితికి. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం నష్టం, అంటే 5,61,546 రూపాయలు, వైద్యం ఖర్చు దీనికి అదనం. ఎక్కడ 40 వేలు, ఎక్కడ ఇది! హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం చెల్లదు, అయినా సంతకం పెట్టకండి.

సమస్య: "తప్పు నీదే."
మామూలు ఏమరుపాటు వల్ల హక్కు పోదు. తాగి ఉండటం, కావాలని సేఫ్టీ గార్డు తీసేయడం లాంటివి నిరూపిస్తేనే పోతుంది, మరణంలో, పూర్తి శాశ్వత వైకల్యంలో ఆ వాదన కూడా నిలవదు.

యజమాని నెల దాటినా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం వరకు పెనాల్టీ కూడా అడగండి. ప్రమాదం జరిగిన 2 ఏళ్లలోపు క్లెయిము వేసేయాలి.