రోగం ఊళ్లో ఉన్నప్పుడు నెల సామాన్లు: ఒక అంగడాయన చెప్పేది

2020 ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కరోనా కేసులు మా కర్నూలు జిల్లాలోనే. నా కిరాణా అంగడి వన్‌టౌన్‌లో, కట్టెలు అడ్డం కట్టిన వీధుల మధ్యనే. 2021 మేలో పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకే అంగళ్లు తీయమని కర్ఫ్యూ పెట్టినప్పుడు కూడా తెరిచే ఉంచాను. కౌంటర్ ఇవతల నిలబడి చూసినవాడిగా చెప్తున్నా, జనం పాల ప్యాకెట్‌కు భయపడినంత పక్కమనిషి ఊపిరికి భయపడలేదు. అంటుకునేది ఎక్కువగా ఊపిరితోనే. మళ్లీ అట్లాంటి రోజులొస్తే సామాన్లు ఎట్లా తెచ్చుకోవాలో నాకు తెలిసినంత రాస్తున్నా.

మొదట చీటీ. అంగడికొచ్చి అరల వైపు చూస్తూ "ఇంకేం కావాలబ్బా" అని ఆలోచించే మనిషి వెనక పదిమంది ఆగిపోతారు. ఇంట్లోనే డబ్బాలు తెరిచి, ఉన్నదెంతో చూసి రాసుకోండి. రెండుపూటలా అన్నం తినే నలుగురి ఇంటికి రోజుకు కిలో బియ్యం అనుకుంటే 26 కిలోల మూట దాదాపు నెల వస్తుంది. (ఈ 26 కిలోల లెక్కేందని చాలామంది అడుగుతారు. 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ప్యాకింగ్‌కు జీఎస్టీ పడింది, అందుకని మిల్లులవాళ్లు ఒక కిలో పెంచారు.) కందిబ్యాళ్లు నాలుగు కిలోలు, నూనె నాలుగు ప్యాకెట్లు, చింతపండు కిలో, ఉప్పు రెండు కిలోలు. ఇంతకు మించి వద్దు. వీధంతా ఒకేరోజు మూడు నెలల సరుకు ఎత్తుకుపోతే మాకు మళ్లీ లోడు వచ్చేదాకా అరలు ఖాళీ. అరకిలో, పావుకిలో కొనుక్కునే కూలి ఇళ్లవాళ్లు ఉత్త చేతులతో వెళ్తారు. దానికితోడు ఎక్కువ కొన్నవాళ్లింట్లో సగం పురుగులపాలే అవుతుంది. ఆ సంగతి కిందికి చెప్తా.

చీటీని వాట్సాప్‌లో పంపి, కట్టి పెట్టమని చెప్పండి. డబ్బు ఫోన్‌పేలో వేస్తే చిల్లర గొడవ కూడా ఉండదు. ఇంటికి ఒక్కరే రండి, పిల్లలూ ముసలివాళ్లూ వద్దు. నిలబడి మాట్లాడే పనైతే రోడ్డు మీదే మాట్లాడండి, అంగడి లోపలికి దూరొద్దు. గాలి ఆడని ఇరుకు గదిలోనే ఎక్కువ ప్రమాదం. అందుకే కూరగాయలకు కూడా పైన మూతపడిన మార్కెట్ కంటే మైదానంలో పెట్టిన రైతుబజారు మేలు.

నేను రోజూ చూసిన చిత్రం ఒకటి చెప్పాలి. అంగడి ముందర సున్నంతో గుండ్రాలు గీశాం, మనిషికొక గుండ్రం. ఎండ ఎక్కేసరికి గుండ్రాల్లో సంచులూ చెప్పులే వరుసగా నిలబడేవి. వాటి సొంతదారులు మాత్రం ఎదురింటి వేపచెట్టు నీడలో భుజానికి భుజం రాసుకుని, మాస్కు గడ్డం కిందికి లాగి, కరోనా గురించే మాట్లాడుకునేవాళ్లు! లోపలికొచ్చాక ఇంకొకటి. వేలు నాలుకకు తడిచేసుకుని నోట్లు లెక్కపెట్టేవాళ్లు. మా అంగడివాళ్లం కూడా తక్కువ తినలేదు, క్యారీబ్యాగు నోటితో ఊది తెరవడం మాకు అలవాటు. మీ ముందర ఎవరైనా అట్లా చేస్తే మొహమాటపడకుండా అడ్డు చెప్పండి. గుడ్డసంచి మీరే తెస్తే ఆ పనే ఉండదు. మాస్కు ముక్కు మీద ఉండాలి, మాట వినపడట్లేదని కిందికి దించొద్దు, గట్టిగా కూడా అరవొద్దు, చీటీ చూపిస్తే చాలు.

ఇంటికి రాగానే సంచి ఒక మూల పెట్టి సబ్బుతో చేతులు కడుక్కోండి, 20 సెకన్లు రుద్దాలి. శానిటైజర్ సబ్బు లేని చోట పనికొస్తుంది, అందులో ఆల్కహాల్ 60 శాతమన్నా ఉండాలి. చేతులు ఆరేదాకా పొయ్యి దగ్గరికి పోవద్దు, నిప్పంటుకుంటుంది. ప్యాకెట్లు ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చోనక్కర్లేదు, కాసేపు పక్కన పెట్టి, సర్దాక మళ్లీ చేతులు కడుక్కుంటే సరిపోతుంది. కూరగాయలు మంచినీళ్లలో రుద్ది కడగండి. మా వీధిలో ఒకాయన టమాటాలను బట్టల సబ్బు నురుగులో నానబెట్టాడు. సబ్బు, శానిటైజర్, ఫినాయిల్ తిండి సామాన్ల మీద వాడొద్దని ఆహార భద్రతా సంస్థే చెప్పింది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే విషవాయువు లేస్తుంది, రెండూ ఒకే బకెట్లో పోయొద్దు.

ఇక నిల్వ. మా ఎండలకు కందిబ్యాళ్లు, ఉద్దిపప్పు, శనగలు అన్నీ ఒకపూట ఎండబెట్టుకోవచ్చు. అయితే వేడివేడిగా డబ్బాలో పోశారంటే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. నీడలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. కందిబ్యాళ్లకు కొంచెం ఆముదం పట్టించి పెట్టడం మా పెద్దవాళ్ల పద్ధతి, ఇప్పటికీ దానికి తిరుగులేదు. బియ్యాన్ని మాత్రం ఎండలో పెట్టొద్దు, నూకలైపోతాయి. నీడలో ఆరబోసి, ఎండు వేపాకో ఒట్టిమిరపకాయలో వేసి మూత గట్టిగా పెట్టండి. పాత బియ్యం మీద కొత్తవి పోయొద్దు, పురుగు కిందనుంచి ఎక్కుతుంది. బోరిక్ పౌడర్ కలిపే అలవాటుంటే మానండి. ఇక గోదాముల్లో పెట్టే సల్ఫాస్ మాత్రలుంటాయి, అవి ఇంట్లో పెట్టినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

జొన్నలు, రాగులు గింజలుగానే పెట్టుకోండి, పిండి తొందరగా చేదెక్కుతుంది. పిండిమర ఎప్పుడు తీస్తారో తెలియని రోజుల్లో మాత్రం రెండు వారాలకు సరిపడా ఆడించుకోండి. ఉప్మారవ్వ దోరగా వేయించి పెడితే తొందరగా పురుగు పట్టదు. శనక్కాయల విత్తనాలు ముక్కవాసన వస్తే, నల్లగా ముడుచుకుపోయి ఉంటే వేయించి వాడదామని చూడకండి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. బొరుగులు గాలి తగిలితే మెత్తబడతాయి, ఉగ్గాణికి మెత్తబడినా పర్వాలేదు, ఎట్లాగూ తడుపుతాం.

ఎర్రగడ్డల విషయంలో మాత్రం మా జిల్లా అభిమానం పక్కన పెట్టాలి. కర్నూలు ఎర్రగడ్డ ఎక్కువగా ఖరీఫ్ పంట, నీరు ఎక్కువ, నిల్వకు ఆగదు. బస్తా చవకగా వచ్చిందని కొన్నవాళ్లు వారం తిరక్కముందే కుళ్లు వాసనకు ముక్కు మూసుకున్నారు. నాలుగైదు కిలోలు చాలు, గాలి తగిలేట్టు పరిచి పెట్టండి, ఉర్లగడ్డలకు దూరంగా. ఎక్కువ కావాలంటే మహారాష్ట్ర రబీ పంట తీసుకోండి. కూరగాయల్లో ముందు ఆకుకూరలు, తర్వాత టమాటా, బీర, చివరగా గుమ్మడి, దుంపలు. ఈ వరుసన వండుకుంటే మళ్లీ మళ్లీ బజారుకు పోయే పని తగ్గుతుంది.

కిరాణా చీటీలో రాయడం మర్చిపోయేవి: ఒంటి సబ్బులు, నాప్కిన్లు, అగ్గిపెట్టెలు, బ్యాటరీలు, పారాసిటమాల్, థర్మామీటర్. బీపీ, షుగర్ మాత్రలు నెలకు ముందే తెచ్చుకుని, స్ట్రిప్ మీద తేదీ చూసుకోండి. సిలిండర్ అయిపోయాక బుక్ చేయడం వద్దు. విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ సమంగా గీచి కొలిచినవి.

మీ ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే దాచిపెట్టి అంగడికి రావద్దు. ఒక్క ఫోన్ చేయండి, మా అంగడి పిల్లోడితో సామాన్లు గేటు దగ్గర పెట్టిస్తాం. అట్లాంటి ఇళ్ల చీటీలు ముందు కడతాం కాబట్టి మిగతావాళ్లు తమ వంతు అరగంట ఆలస్యమైతే కౌంటర్ మీద కోప్పడకండి.