హెడ్‌ఫోన్స్‌లో చెవి నొప్పి, బేస్ రొద తగ్గించుకున్నాను: నా అనుభవం

నావి వైరు ఉన్న క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక భాగం మూసి ఉండే) హెడ్‌ఫోన్స్. కాసేపు పెట్టుకుంటే చెవి అంచు లోపలి గుడ్డకు తగిలి నొప్పి. కచేరీ వింటుంటే మృదంగం తొప్పి (లోతైన మోత ఇచ్చే పక్క) మోతలో గాత్రం మునిగిపోయేది. ఈక్వలైజర్, వేరే ఫోన్, ఖరీదైన కేబుల్ ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు ప్యాడ్లు తీసి, స్క్రూలు విప్పి, డ్రైవర్‌ను (లోపలి చిన్న స్పీకర్‌ను) మెల్లగా లేపాను. దాని వైర్లు వెంట్రుకంత సన్నం, లాగితే తెగుతాయి. వెనక ఖాళీలో దిండ్లలో వాడే పాలిస్టర్ దూదిని విడదీసి వదులుగా పరిచాను. కుక్కకూడదు. డ్రైవర్ వెనకున్న గాలి రంధ్రాన్ని అసలు మూయకూడదు, మూస్తే బేస్ తీరే మారిపోతుంది. దూదిని రెండు వైపులకూ సమానంగా తూచి పెట్టాను. తేడా ఉంటే గొంతు ఒక పక్కకు జరిగినట్టు వినిపించవచ్చు.

తర్వాత చెవి వెనక భాగం వైపు, ప్యాడ్ అంచు కింద మెత్తటి ఫోమ్ ముక్క దోపాను. ప్యాడ్ కాస్త వాలుగా లేచి, చెవి గుడ్డకు తగలడం ఆగింది. నాకు అన్నిటికన్నా హాయినిచ్చింది ఇదే! బిగుతు తగ్గడానికి రాత్రంతా పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచాను. బ్యాండ్‌లో ఉక్కు పట్టీ ఉంటేనే అలా చేయండి, ఉత్త ప్లాస్టిక్ అయితే విరగొచ్చు.

అందరికీ ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. హెడ్‌ఫోన్ కప్పు లోతును బట్టి దూది ప్రభావం మారుతుంది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకు ప్యాడ్ సందులోంచి గాలి పోయి బేస్ ముందే తగ్గుతుంది కాబట్టి, వాళ్ళు ఫోమ్‌తో మొదలుపెట్టి చూడటం మేలు. బ్లూటూత్ రకాల్లో బ్యాటరీ, సర్క్యూట్ ఉంటాయి, వాటిని మాత్రం విప్పొద్దు.