నవరాత్రుల ఉపవాసాలు, ప్రసాదాలు: మధుమేహం ఉన్నవారు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

దసరా నవరాత్రుల్లో మధుమేహం ఉన్నవారికి చిక్కు రెండు వైపుల నుంచీ వస్తుంది. పగలంతా ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. సాయంత్రం పూజ ముగిశాక ప్రసాదంతో మొదలుపెట్టి ఒంటిపూట భోజనం వరకు వెళ్లేసరికి అదే చక్కెర అమాంతం పెరగవచ్చు. అందువల్ల పండుగకు వారం ముందే డాక్టరుతో మాట్లాడి, మందుల వేళలూ మోతాదులూ తేల్చుకోవాలి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకున్నాక తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా తగ్గవచ్చు. ఇన్సులిన్ విషయమూ అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతూ అన్నపానీయాలు మానేస్తే ఒంట్లో నీరు తగ్గి, కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది. ఏ మందునూ సొంతంగా ఆపకూడదు. చెమట, వణుకు, గుండెదడ కనిపించి, గ్లూకోమీటరులో 70 (mg/dL) కంటే తక్కువ వస్తే ఉపవాసాన్ని అక్కడితో విరమించి, 15 గ్రాముల గ్లూకోజును, లేదా మూడు చిన్న చెంచాల పంచదారను నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక ప్రసాదాల సంగతి. పులిహోర, దద్ధోజనం, కట్టెపొంగలి, చక్కెరపొంగలి, పరమాన్నం, కదంబం: పేర్లు ఆరు, బియ్యం ఒక్కటే. తీపి లేదు కదా అని పులిహోరను మారు వడ్డించుకునేవారు చాలామంది ఉంటారు గాని, 150 గ్రాముల అన్నంలో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. చింతపండు పులుసు కలిపినంత మాత్రాన అది తగ్గదు. పైగా నూనె, నెయ్యి అరుగుదలను నెమ్మదింపజేస్తాయి కనుక రెండు గంటలకు బాగానే కనిపించిన చక్కెర ఆ తరువాత పెరగవచ్చు. బెల్లంతో చేసిన పరమాన్నం మంచిదన్న ధీమా కూడా వద్దు. బెల్లమూ చక్కెరను దాదాపు పంచదారలాగే పెంచుతుంది. ఉపవాసపు తిండిగా పేరుపడ్డ సగ్గుబియ్యం ఉప్మా దాదాపు పూర్తిగా పిండిపదార్థమే.

ప్రసాదాన్ని కాదనలేం, కాదనవలసిన పనీ లేదు. తీపి ప్రసాదమైతే ఒక చెంచా కళ్లకద్దుకుని తీసుకుని, కడుపు నింపే పనిని సెనగల గుగ్గిళ్లకు అప్పగించడం మేలు. పీచు, మాంసకృత్తులు ఉన్న ఆ గుగ్గిళ్లు చక్కెరను నెమ్మదిగా పెంచుతాయి. విస్తరిలో కూడా బీరకాయ, బెండకాయ, వంకాయ వంటి కూరలను, గట్టి పప్పును ముందు తిని, అన్నాన్ని చివరకు ఉంచుకుంటే పెరుగుదల తగ్గుతుంది. పులిహోర తిన్న పూట పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అని వరుసగా కలుపుకోకుండా, వాటిలో ఒకదానితో సరిపెట్టుకుని, పెరుగును మజ్జిగగా తాగవచ్చు. కొర్రలు, సామలు వండినా కొలత తప్పదు.

భోజనం అయిన వెంటనే పడుకోకుండా పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవాలి. తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండటం చాలామందికి లక్ష్యం. వృద్ధులకు డాక్టరు వేరే అంకె చెప్పి ఉండవచ్చు. 300 దాటి అలాగే ఉన్నా, వాంతులు గాని ఆయాసం గాని తోడైనా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.