కాన్‌కాన్ నేర్చుకోదలచిన వరంగల్ నర్తకులకు

ప్యారిస్ కాబరే నాట్యం అనగానే మన వైపు చాలామందికి పాత సినిమాల క్లబ్బు పాటలే గుర్తుకొస్తాయి. కళాశాల వార్షికోత్సవంలోనో, హనుమకొండలోని ఏదైనా సభలోనో ఆ కాబరే నాట్యాల్లో ఒకటైన కాన్‌కాన్ ప్రదర్శించదలచిన విద్యార్థులు ఆ పాటలను పక్కన పెట్టి, ముందుగా ఆ నాట్యం ఎవరి మధ్య పుట్టిందో తెలుసుకోవాలి. అది తెలియకుండా ఆడితే మిగిలేది లంగా ఎగరేయడం ఒక్కటే.

1830 ప్రాంతంలో ప్యారిస్‌లోని మోంపర్నాస్ పేటలో, కూలినాలి చేసుకునే జనం చేరే డ్యాన్సు హాళ్లలో ఇది మొదలైంది. జంటలు ఎదురెదురుగా నిలబడి ఆడే క్వాడ్రిల్‌లో గాలప్ అనే చివరి ఘట్టం చాలా వేగంగా సాగేది. అక్కడికి రాగానే ఆడా మగా తేడా లేకుండా నియమాలు వదిలేసి, ఎవరికి తోచిన విన్యాసం వారు చేసేవారు. కాబట్టి మీ బృందంలో అబ్బాయిలను కూడా తప్పక చేర్చుకోండి, అదే చరిత్రకు దగ్గరగా ఉంటుంది. 1889 అక్టోబర్ 6న జోసెఫ్ ఒల్లేర్, షార్ల్ జిడ్లేర్ మోంమార్త్ర్ కొండ పాదాన మూలన్ రూజ్ అనే కాబరేను తెరిచినప్పుడు అక్కడ పేరు మోగిన వారిలో లా గూలూ అనే లూయీజ్ వెబర్‌తో పాటు, ఒంట్లో ఎముకలే లేవన్నట్టు వంగే వాలంతాన్ అనే పురుషుడూ ఉన్నాడు.

వీరిద్దరినీ చిత్రకారుడు తూలూజ్ లోత్రెక్ 1891లో వేసిన పోస్టరులో చూడవచ్చు. సాధన మొదలుపెట్టేముందు దాన్ని నింపాదిగా పరిశీలించండి. చుక్కల రవిక వేసుకున్న లా గూలూ కాలెత్తి ఆడుతుండగా తెల్లని లోపావడా బొమ్మ మధ్యలో వెలుగుతుంది. వెనుక ప్రేక్షకులు నల్లని నీడలుగా, ముందు వాలంతాన్ బూడిద రంగు నీడగా కనిపిస్తారు. చూపంతా ఆ తెలుపు మీదికే పోతుంది. వేదిక మీద మీరు సాధించవలసినది కూడా అదే.

సంగీతానికి స్వరకర్త ఒఫెన్‌బాఖ్ 1858 నాటి ఓపెరా (పాటల నాటకం) ‘ఓర్ఫియస్ ఇన్ ది అండర్‌వరల్డ్’లోని గాలప్ సరిపోతుంది. కాన్‌కాన్‌తో దానికి ముడి పడింది తరువాతి కాలంలోనే. రెండు మాత్రల నడక కనుక ముందు చప్పట్లతో, నెమ్మదిగా పట్టుకోండి.

అడుగుల వరుస ముఖ్యం. మోకాలిని నడుము దాకా ఎత్తడం, ఎత్తిన మోకాలిని కదపకుండా కింది కాలిని గుండ్రంగా తిప్పడం, ఆ తరువాతే కాలిని నిటారుగా పైకి విసరడం నేర్చుకోవాలి. చీలమండను చేత్తో పట్టుకుని, రెండో కాలి మీద గెంతుతూ తిరగడం ఇంకా తరువాతి మెట్టు. పేరిణి సాధన చేసినవారికి తొడల్లో బలం ఉంటుంది కానీ, పేరిణిలో బరువును నేలలోకి దింపడం అలవాటు కనుక, ఇక్కడ మునివేళ్ల మీద తేలికగా లేవడానికి వారికి కొంత సమయం పడుతుంది. ఎగిరి కాళ్లు చాచి నేల మీద పడే విన్యాసాన్ని మాత్రం, తొడ వెనుక కండరాలు పూర్తిగా సాగకముందు, గ్రానైట్ లేదా సిమెంటు నేల మీద ఎవరూ ప్రయత్నించవద్దు. చెక్క వేదిక, మందపాటి చాప తప్పనిసరి.

లంగా పని చేతులది కాదు, మణికట్టుది. అంచును రెండు చేతులతో పట్టుకుని ఎడమకూ కుడికీ ఊపుతూ ఉంటే, లంబాడా తండాల్లో ఫేటియా తిరిగినట్టు గుడ్డ తనంత తానే విచ్చుకోవాలి. దర్జీకి చెప్పేటప్పుడు పైలంగాను తేలికపాటి బట్టతో, లోపలి కుచ్చులను వేరే రంగుతో కుట్టమనండి. 19వ శతాబ్దంలో స్త్రీల లోదుస్తులకు మధ్యలో కుట్టు ఉండకపోవడం ఈ నాట్యం మీద ఆనాడు రేగిన గొడవకు ఒక కారణం. మీరు మోకాళ్ల దాకా వచ్చే మూసి కుట్టిన లాగు వేసుకోండి.

కాబరే చరిత్రను వివరించే భాగం పెడితే నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్‌ను విడిచిపెట్టకండి. 1925లో అమెరికా నుంచి ప్యారిస్ చేరి, తరువాత నాజీలకు వ్యతిరేకంగా ఫ్రెంచ్ ప్రతిఘటనలో పనిచేసిన ఆమెకు 2021లో, ఫ్రాన్స్ తన మహనీయులను గౌరవించే స్మారక భవనం పాంతెయోన్‌లో స్థానం దక్కింది. 1926 నాటి ఆమె అరటిపళ్ల లంగాను మాత్రం అనుకరించవద్దు. నల్లవారిని వలసపాలకులు చూసిన తీరు దానిలో ఉంది, వివరణ లేకుండా చూపితే అది ఆమెకు అవమానమే.

చివరగా, మౌనంగా ఆడితే కాన్‌కాన్ కాదు. కాలు విసిరినప్పుడు, చక్రం తిరిగినప్పుడు నర్తకులు ఒకరినొకరు ఉత్సాహపరుస్తూ కేకలు వేస్తారు. ఆ కేకలను కూడా సాధన చేయండి, అవి వెనుక వరుసకు వినబడేలా స్పీకర్ల శబ్దాన్ని తగ్గించమని సౌండ్ చూసేవారికి ముందే చెప్పండి.