బ్రోకర్ సహకరించకపోతే ఇల్లు అమ్మేవాళ్లు చూసుకోవాల్సినవి

ఇల్లు అమ్మకానికి పెట్టాక బ్రోకర్ ఫోన్ ఎత్తకపోయినా, కొనేవాళ్లను మీతో మాట్లాడనివ్వకపోయినా, గొడవ పడేముందు మీ కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకోండి. ఒరిజినల్ సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు అంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత కాగితాలు) బ్రోకర్ చేతికి ఇవ్వొద్దు. జిరాక్సులు చాలు. వాటి మీద కూడా ‘చూపించడానికి మాత్రమే’ అని అడ్డంగా రాసి సంతకం, తేదీ వేయండి. ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కోసం ఆయన్ను బతిమాలక్కర్లేదు, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మనమే చూసుకోవచ్చు.

కొనేవాళ్లను దాచిపెడుతున్నాడంటే చాలాసార్లు కారణం రేటే. మీకు 60 లక్షలని చెప్పి అవతల 65 అడుగుతుంటారు. ‘పైన వచ్చింది నాది’ అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. మన ఇంటికి అవతలివాళ్లు నిజంగా ఎంత ఇస్తున్నారో మనకు తెలియాలి కదా! టోకెన్ అడ్వాన్స్ నేరుగా మీ ఖాతాలోకే రావాలి, అగ్రిమెంట్ రోజు మీరూ కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చోవాలి.

కమీషన్ ఎంత, ఎప్పుడు ఇస్తారు (రిజిస్ట్రేషన్ రోజే అంటే మంచిది), గడువు ఎన్నాళ్లు, వేరే బ్రోకర్లకూ చెప్పుకోవచ్చా అన్నవి ముందే వాట్సాప్‌లో రాసి ‘ఓకే’ అనిపించుకోండి. గడువు దాటినా కదలిక లేకపోతే, అప్పటిదాకా ఆయన తీసుకొచ్చినవాళ్ల పేర్లు రాయించుకుని, తాళాలు వెనక్కి తీసుకుని, ఇంకొకరికి అప్పజెప్పండి. ఆ పేర్లు చేతిలో ఉంటే, తర్వాత ‘ఆ పార్టీ నా ద్వారానే వచ్చింది’ అని రెండో కమీషన్ కోసం పేచీ పెట్టడం కష్టం.